గట్టు మీద ఈత... గాల్లో మోత!

‘గట్టు మీద కూర్చుంటే ఈత వస్తుందా?’ అని వెక్కిరిస్తుంటారు పెద్దవాళ్లు. నిజమే, రాదు. కానీ పక్షిలా పల్టీలు కొట్టే ఎఫ్‌పీవీ డ్రోను దగ్గర మాత్రం ఆ మాట చెల్లదు. దాన్ని ఎగరేయాలంటే ముందు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అక్కడ కొన్ని వందలసార్లు కూలిపోవాలి. ఆ తర్వాతే మైదానం!

డ్రోను గాల్లోకి లేచింది. ఎదురుగా వేపచెట్టు. తప్పించుకుందామని కుడి బొటనవేలితో స్టిక్‌ను కాస్త గట్టిగా పక్కకు నెట్టారు. అంతే, తల్లకిందులైపోయింది. పడిపోతోందన్న కంగారులో ఎడమ బొటనవేలితో వేగం పెంచారు. తల్లకిందులుగా ఉన్నదానికి వేగం పెంచితే ఏమవుతుంది? ఇంకా జోరుగా వెళ్లి నేలను గుద్దుకుంటుంది! మొత్తం రెండు సెకన్ల కథ. ప్రొపెల్లర్లు విరిగాయి. చట్రానికున్న చెయ్యి ఒకటి చీలింది. కెమెరా ఎగిరి గడ్డిలో ఎక్కడో పడింది. వేల రూపాయల సరుకు, రోజుల తరబడి రిపేరు.

ఇదే సంగతి కంప్యూటర్ తెరమీద జరిగితే? ఒక్క మీట నొక్కితే చాలు. ముక్కలైన డ్రోను మళ్లీ కొత్తదానిలా మొదటిచోటే వచ్చి నిలబడుతుంది. ‘ఊఁ... ఇంకోసారి కానివ్వండి’ అన్నట్టు! ఆ మాయ పేరే సిమ్యులేటర్. ఎఫ్‌పీవీ నేర్చుకోవాలనుకునే ఎవరికైనా అనుభవజ్ఞులు చెప్పే మొదటి మాట ఒకటే... ‘డ్రోను తర్వాత కొనుక్కోవచ్చు, ముందు సిమ్యులేటర్ మీద కూర్చోండి’ అని.

వదిలేస్తే నిలబడదు!

పెళ్లిళ్లలో తలంబ్రాల వేళ పైన తిరిగే డ్రోన్లను చూస్తూనే ఉంటాం. వాటిని నడపడానికీ దీనికీ అంత తేడా ఏముంటుంది అనిపిస్తుంది. చాలానే ఉంది. మామూలు కెమెరా డ్రోను బుద్ధిమంతురాలు. చేతిలోని రిమోట్ వదిలేస్తే ఎక్కడున్నది అక్కడే గాల్లో నిలబడిపోతుంది. జీపీఎస్, సెన్సర్లు కలిసి దాన్ని కాపాడుతుంటాయి.

ఎఫ్‌పీవీ అంటే ఫస్ట్ పర్సన్ వ్యూ. డ్రోను ముక్కుకున్న కెమెరా ఏం చూస్తే అది నడిపేవారి కళ్లకున్న గాగుల్స్‌లో కనిపిస్తుంది. అంటే మనిషి నేలమీదే ఉన్నా కళ్లు మాత్రం గాల్లో ఉంటాయి. కొమ్మల మధ్యలోంచి, కిటికీలోంచి, వంతెన కిందినుంచి మనమే దూసుకెళ్తున్నట్టు ఉంటుంది. గంటకు వంద కిలోమీటర్లు దాటడం వీటికి పెద్ద లెక్క కాదు.

ఇంత స్వేచ్ఛ ఎలా వచ్చింది? కాపాడే ఏర్పాట్లన్నీ తీసేయడం వల్ల వచ్చింది. వీటిని ఎక్కువగా ‘అక్రో’ అనే పద్ధతిలో ఎగరేస్తారు. ఇందులో కుడి స్టిక్ నెడితే డ్రోను తిరుగుతుంది, వదిలేస్తే తిరగడం ఆగుతుంది. కానీ ఏ వంపులో ఉన్నది ఆ వంపులోనే ఉండిపోతుంది! సరిచేయాలంటే మళ్లీ రెండోవైపు మనమే నెట్టాలి. ఇక ఎడమ చేతిలోని స్టిక్ వేగానికి. వదిలినా దానంతటది మధ్యకు రాదు, పెట్టినచోటే ఉంటుంది. కొంచెం తగ్గిస్తే రాయిలా జారుతుంది, కొంచెం పెంచితే రాకెట్‌లా లేస్తుంది. రెండు బొటనవేళ్లు... నాలుగు రకాల కదలికలు... అన్నీ ఒకేసారి. ఆలోచించి చేసేంత వ్యవధి ఉండదు. చెయ్యి తనంతట తానే చేసేయాలి.

సైకిల్ నేర్చుకున్న రోజులు గుర్తున్నాయా? నాన్న పెద్ద సైకిల్ సందులోంచి కాలు పెట్టి కత్తెర తొక్కుడు తొక్కుతూ ఎన్నిసార్లు పడ్డామో! సూత్రాలు చదివి సైకిల్ తొక్కినవారు లేరు. మోకాలిచిప్ప మీది మచ్చే ఆ విద్యకు సర్టిఫికెట్టు. ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ పడితే మచ్చ మిగిలేది జేబుకి. ఒక్కోసారి పక్కవారి తలకి! సిమ్యులేటర్ అవసరమైంది అందుకే.

వాయిద్యాల తిత్తులతో విమానం

నేలమీదే ఎగరడం నేర్చుకోవడం ఇవాళ్టి ఆలోచన కాదు. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ పట్టణంలో ఎడ్విన్ లింక్ అనే యువకుడి తండ్రికి పియానోలు, ఆర్గాన్‌లు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఎడ్విన్‌కేమో విమానాల పిచ్చి. పైలట్ శిక్షణ చూస్తే బాగా ఖరీదు. దాంతో వాయిద్యాల్లోకి గాలి ఊదే తిత్తులు, పంపులనే వాడి ఒక పొట్టి విమానం బొమ్మ చేశాడు. లోపల కూర్చుని మీటలు కదిపితే అది నిజం విమానంలాగే అటూ ఇటూ ఒరుగుతుంది. ఇది 1929 నాటి మాట. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వినోదాల పార్కుల్లో పిల్లల ఆటవస్తువుగా వాడారు.

1934లో కథ మలుపు తిరిగింది. అమెరికాలో ఉత్తరాల రవాణా బాధ్యతను సైనిక విమానాలకు అప్పగించారు. చీకట్లో, మంచులో కేవలం మీటర్లు చూసి నడపడం అలవాటులేని పైలట్లు వరసగా కూలిపోయారు. కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. అప్పుడు గుర్తొచ్చాడు లింక్. దట్టమైన పొగమంచులో తన విమానాన్ని తానే నడుపుకొంటూ సైనికాధికారుల దగ్గరికి వచ్చి దిగాడట. ఇంకేం చెప్పాలి? సైన్యం వెంటనే ఆరు యంత్రాలు కొంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఆ ‘లింక్ ట్రైనర్’లో లక్షల మంది శిక్షణ పొందారు. పార్కులో బొమ్మ ప్రాణాలు కాపాడే గురువైంది!

ఇప్పుడు ఆ గురువు ఇంట్లోని కంప్యూటర్లోకే వచ్చేశాడు. బెల్జియం సంస్థ తయారుచేసిన లిఫ్టాఫ్, పందేల వాళ్లు ఇష్టపడే వెలాసీడ్రోన్, అన్‌క్రాష్డ్... ఇలా సిమ్యులేటర్లు చాలానే ఉన్నాయి. మామూలు వీడియోగేమ్ ధరకే దొరుకుతాయి. ఉచితంగా రుచి చూపించేవీ ఉన్నాయి.

ఏం కావాలి? ఎలా మొదలెట్టాలి?

గ్రాఫిక్స్ బాగా ఆడే కంప్యూటర్ ఒకటి. దానికి తగిలించడానికి ఒక రేడియో, అంటే రిమోట్. చాలామంది డబ్బు ఆదా చేద్దామని ఇంట్లో ఉన్న గేమ్ జాయ్‌స్టిక్‌తో మొదలెడతారు. దాని ఎడమ స్టిక్‌ను వదిలేస్తే మధ్యకు వచ్చేస్తుంది. డ్రోను రేడియోలో రాదు. దాంతో వేళ్లకు తప్పుడు అలవాటు పడుతుంది. ఖర్చు పెట్టాల్సిన మొదటి వస్తువు రేడియోనే. రేపు నిజం డ్రోనుకి వాడబోయే రేడియోనే యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపితే సరి. డ్రోను ఎన్ని మారినా అది ఏళ్లపాటు పనికొస్తుంది.

ఇక పాఠాలు... వరస తప్పకుండా చెయ్యాలి.

మొదటి మెట్టు: ఖాళీ మైదానాన్ని ఎంచుకోండి. మొదటి నిమిషం నుంచీ అక్రో పద్ధతే పెట్టుకోండి. తేలికైన పద్ధతికి చెయ్యి అలవాటు పడితే దాన్ని మరిపించడం మరీ కష్టం. కెమెరా వంపు 15 నుంచి 20 డిగ్రీలు దాటనివ్వద్దు. వంపు పెరిగేకొద్దీ డ్రోను జోరు పెరుగుతుంది. ఒకే ఎత్తులో తిన్నగా వెళ్లి ఆగడం... అంతే పని. విసుగ్గా అనిపిస్తుంది. కానీ ఎడమ బొటనవేలికి అక్షరాభ్యాసం ఇదే.

రెండో మెట్టు: రెండు చెట్ల మధ్య ఎనిమిది అంకె గీసినట్టు తిరగాలి. మలుపులో రెండు చేతులూ కలిసి పనిచేయాలన్నది ఇక్కడే తెలుస్తుంది.

మూడో మెట్టు: ఒక చెట్టునో, స్తంభాన్నో తెరమధ్యలో ఉంచుకుని దాని చుట్టూ ప్రదక్షిణ. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. చాలామందికి ఒకవైపు తేలిగ్గా వస్తుంది. రానివైపే ఎక్కువ సాధన చేయాలి.

నాలుగో మెట్టు: గేట్లలోంచి వెళ్లడం. మొదట నెమ్మదిగా. తగలకుండా పదిసార్లు వరసగా వెళ్లగలిగాకే వేగం.

ఐదో మెట్టు: దిగడం. సిమ్యులేటర్‌లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. అనుకున్నచోట మెత్తగా దించడం రానివారికి ఎగరడం వచ్చినట్టు కాదు. పల్టీలన్నీ ఆ తర్వాతే.

ఆదివారం ఒక్కరోజే ఆరు గంటలు కూర్చునేకంటే రోజుకు అరగంట చొప్పున సాధన చేయడం మేలు. చేతులు నేర్చుకున్నదాన్ని మెదడు నిద్రలో భద్రం చేసుకుంటుంది. నిన్న ఎంతకీ కుదరని మలుపు ఇవాళ పొద్దున్నే కుదిరిపోవడం అందువల్లే. ఇలా పదీ ఇరవై గంటలు గడిపితే నిజం డ్రోను పట్టుకునే ధైర్యం వస్తుందని అనుభవజ్ఞుల మాట.

తెర చెప్పే అబద్ధాలు

అయితే గురువు మంచివాడే గానీ, కొన్ని విషయాల్లో అబద్ధాలు చెబుతాడు. అవేమిటో తెలియకుండా నేరుగా మైదానానికి వెళితే దెబ్బతినడం ఖాయం.

సిమ్యులేటర్‌లో గాలి సాధారణంగా మన మాట వింటుంది. బయట అలా కాదు. అపార్టుమెంట్ల మధ్య సుడిగాలి ఏ మూలనుంచి తోస్తుందో చెప్పలేం. తెరమీది బ్యాటరీ అలసట ఎరగదు. నిజం బ్యాటరీ నాలుగైదు నిమిషాలకే నీరసిస్తుంది. చివర్లో ఎంత వేగం పెంచినా లేవదు. తెరమీద బొమ్మ ఎప్పుడూ స్పష్టం. నిజంగా అయితే కాంక్రీటు గోడ అడ్డొస్తే గాగుల్స్‌లో చుక్కలే చుక్కలు. ఆ లిథియం పాలిమర్ బ్యాటరీ నలిగితే మంటలు రావచ్చన్నదీ, తిరిగే ప్రొపెల్లర్ వేలిని కోసేస్తుందన్నదీ ఏ సిమ్యులేటరూ చూపించదు.

అన్నింటికంటే పెద్ద అబద్ధం... భయం లేకపోవడం. కూలినా పోయేదేం లేదన్న ధీమాతో తిరిగిన వేళ్లు, నిజం డ్రోను చేతికిచ్చేసరికి వణుకుతాయి. అది సహజమే. అసలు ప్రమాదం దానికి ఎదురుగా ఉంది. కూలగానే మీట నొక్కి మళ్లీ మొదలెట్టే అలవాటు! మైదానంలో ఆ మీట ఉండదు. అక్కడ అదుపు తప్పిన క్షణంలో చేయాల్సింది ఒక్కటే... మోటార్లను ఆపే స్విచ్ వేయడం. అది చేయకపోతే పొదలో ఇరుక్కున్న ప్రొపెల్లర్లు తిరుగుతూనే ఉంటాయి. మోటార్లు కాలిపోతాయి, దగ్గరికెళ్లిన చెయ్యి తెగుతుంది. అందుకని సిమ్యులేటర్‌లో కూలిన ప్రతిసారీ ముందు ఆ స్విచ్ వేసి, ఆ తర్వాతే మళ్లీ మొదలెట్టాలి. వందసార్లు కూలితే వందసార్లూ! సిమ్యులేటర్‌లో నేర్చుకోగలిగిన అన్ని విద్యల్లోకీ విలువైనది ఇదేనేమో.

యంత్రానికీ అదే బడి

ఈ బడిలో చదివి మనుషుల్నే ఓడించిన శిష్యుడొకడున్నాడు. పేరు స్విఫ్ట్. మనిషి కాదు, కృత్రిమ మేధ! స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని తయారుచేశారు. ఎవరూ నేర్పకుండా సిమ్యులేటర్‌లో కూలుతూ, లేస్తూ తనంతట తానే ఎగరడం నేర్చుకుంది. కంప్యూటర్ కాబట్టి మనలా నెలలు పట్టలేదు. 50 నిమిషాల్లో శిక్షణ పూర్తి!

2022లో ముగ్గురు ఛాంపియన్లతో దానికి పోటీ పెట్టారు. వారిలో 2019 డ్రోన్ రేసింగ్ లీగ్ విజేత అలెక్స్ వానోవర్ కూడా ఉన్నాడు. మొత్తం 25 పందేల్లో స్విఫ్ట్ 15 గెలిచింది. 2023లో ‘నేచర్’ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. ఇక్కడ మనం గమనించాల్సిన సంగతి వేరే ఉంది. స్విఫ్ట్ సిమ్యులేటర్ చదువుతోనే నేరుగా పందెంలోకి దిగలేదు. పరిశోధకులు ముందు దాన్ని నిజంగా ఎగరేశారు. తెరమీది ప్రవర్తనకీ, నిజానికీ ఎక్కడెక్కడ తేడా వస్తోందో కొలిచారు. ఆ తేడాల్ని సిమ్యులేటర్‌లో పెట్టి మళ్లీ శిక్షణ ఇచ్చారు. తెర చెప్పే అబద్ధాన్ని తెలుసుకుని దిద్దుకోవడం యంత్రానికి కూడా తప్పలేదన్నమాట.

ఇంకో ముచ్చట. వెలుతురు మారితే స్విఫ్ట్ తికమకపడింది. మనిషి అలా కాదు. వెలుతురు మారినా, మధ్యలో గుద్దుకున్నా, డ్రోను పనిచేసే స్థితిలో ఉంటే లేపి మళ్లీ పందెంలో కలిసిపోగలడు. 2025 ఏప్రిల్‌లో అబుదాబిలో జరిగిన పోటీలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం డ్రోను ఒకే ఒక్క కెమెరాతో మానవ ఛాంపియన్లను ఓడించింది. అంటే ఆ తేడా కూడా తరిగిపోతోందన్నమాట!

ఆట నుంచి ఉపాధి దాకా

2016లో దుబాయ్‌లో జరిగిన డ్రోన్ పోటీలో మొదటి బహుమతి రెండున్నర లక్షల డాలర్లు. గెలిచిన జట్టుకి పైలట్ బ్రిటన్ కుర్రాడు ల్యూక్ బ్యానిస్టర్. వయసు 15! 2018లో చైనాలోని షెంజెన్‌లో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఆస్ట్రేలియా కుర్రాడు రూడీ బ్రౌనింగ్‌కీ అప్పుడు పదిహేనేళ్లే. డ్రోన్ రేసింగ్ లీగ్ అయితే కొత్త పైలట్ల ఎంపిక కోసం సిమ్యులేటర్ మీదే పోటీలు పెట్టింది. 2020లో కొవిడ్ వల్ల మైదానాలు మూతపడినప్పుడు సిమ్యులేటర్ పందేలనే టీవీలో చూపించింది.

సినిమాకీ ఈ విద్య కావాలి. 2021లో అమెరికాలోని మినియాపొలిస్‌లో జే క్రిస్టెన్‌సెన్ అనే పైలట్ ఒక బౌలింగ్ కేంద్రంలోకి చిన్న డ్రోనును పంపాడు. తలుపులోంచి దూరి, మనుషుల మధ్యనుంచి, బౌలింగ్ యంత్రం వెనకభాగం దాకా ఒకే షాట్‌లో తిరిగిన ఆ వీడియో ప్రపంచాన్ని చుట్టేసింది. మరుసటి ఏడాది వచ్చిన హాలీవుడ్ సినిమా ‘అంబులెన్స్’లో భవనాల మీదినుంచి కిందికి దూకే డ్రోను షాట్ల వెనక ఉన్నది, స్విఫ్ట్‌తో తలపడిన వానోవరే.

ఇదే విద్య యుద్ధానికీ వెళ్లిందన్నది చేదు నిజం. ఉక్రెయిన్ యుద్ధంలో ఎఫ్‌పీవీ డ్రోన్లు ఆయుధాలయ్యాయి. అక్కడి సైనికులూ ముందు సిమ్యులేటర్ మీదే చెయ్యి తిప్పుకొన్నారు.

మనదగ్గర ఎగరేయాలంటే...

కంప్యూటర్లో ఎక్కడైనా ఎగరొచ్చు. బయట అలా కుదరదు. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించారు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయాలు, రక్షణ స్థావరాల దగ్గర మాత్రం కట్టుబాట్లు గట్టివి. హైదరాబాద్‌నే చూడండి... శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్. నగరం చుట్టూ విమానాలే! విశాఖలో నౌకాదళం ఉంది. మేడమీదికెక్కి ఎగరేద్దామనుకునే ముందు మ్యాపు చూసుకోవాల్సిందే.

250 గ్రాములకు మించని నానో డ్రోన్లకు పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. రెండు కిలోల దాకా ఉన్నవాటిని వ్యాపారానికి కాకుండా సరదాకి ఎగరేసుకుంటే దానికీ అక్కర్లేదు. ఎగరేసే చోటుకు సంబంధించిన నిబంధనలు మాత్రం బుల్లి డ్రోనుకీ వర్తిస్తాయి. ఉపాధిగా మార్చుకోవాలంటే 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందాలి. అక్కడి పాఠాల్లోనూ సిమ్యులేటర్ ఉంటుంది. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. విడిభాగాలకు ఆ అడ్డు లేదు. అందుకే మన కుర్రాళ్లు చాలామంది విడిభాగాలు తెచ్చి, టంకం వేసి సొంతంగా కట్టుకుంటారు. విరిగితే రిపేరూ వాళ్లదే!

సిమ్యులేటర్ నుంచి నేరుగా పెద్ద డ్రోనుకి దూకకుండా మధ్యలో ఒక మెట్టుంది. ‘టైనీ వూప్’ అని అరచేతిలో ఇమిడే బుల్లి డ్రోను. బ్యాటరీతో కలిపినా యాభై గ్రాములుండదు. ప్రొపెల్లర్ల చుట్టూ రక్షణ వలయాలుంటాయి. హాల్లో కుర్చీల కిందనుంచి, తలుపు సందులోంచి తిప్పుతుంటే తెరకీ నిజానికీ ఉన్న తేడా నెమ్మదిగా తెలిసొస్తుంది. గోడకు తగిలినా గోడకేం కాదు, దానికీ పెద్దగా ఏం కాదు.

ఆపైన మైదానానికి వెళ్లే రోజు ఒంటరిగా వెళ్లకూడదు. గాగుల్స్ పెట్టుకున్నవారికి తన పక్కనే ఎవరున్నారో కనిపించదు. ఆడుకుంటున్న పిల్లాడు పరిగెత్తుకొచ్చినా, ఆవు అడ్డొచ్చినా చూసి చెప్పే స్నేహితుడు పక్కన ఉండాలి. మనుషుల నెత్తిమీద ఎగరేయకూడదు... పెళ్లయినా, జాతరయినా, ఎవరు బతిమాలినా సరే. 2015 డిసెంబరులో ఇటలీలో స్కీయింగ్ పోటీని చిత్రిస్తున్న ఓ కెమెరా డ్రోను, మంచుమీద జారుతున్న ఆస్ట్రియా క్రీడాకారుడు మార్సెల్ హిర్షర్ వెనకాలే దబ్బున పడింది. రెప్పపాటు ముందు పడి ఉంటే అతని వీపు మీదే! ఎఫ్‌పీవీ డ్రోను బరువు అరకిలో పైమాటే. వంద కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

సిమ్యులేటర్ మీద కూలిన ప్రతి డ్రోనూ రేపు ఎవరి నెత్తినో పడకుండా ఆగిపోయిన డ్రోను. అందుకే ఇంట్లో కుర్రాడు రోజూ అరగంట కంప్యూటర్ ముందు కూర్చుని డ్రోన్లను ఢామ్ ఢామ్ అని కూల్చేస్తుంటే కోప్పడకండి. గట్టు మీద ఈత నేర్చుకుంటున్నాడు... కూలనివ్వండి!